చింతపిక్కల సరాసరి

సెమిలిగుడ,
ఫిబ్రవరి 1, 2026

అత్తకి,

"రేటు కనుక్కోడానికే ఫోను, మాట్లాడాలంటే కాయితం" అని నేను హాస్టల్లో ఉన్నప్పుడే శాసనం చేశావు. అందుకే ఇరవై నాలుగేళ్ళొచ్చి, టీచరుద్యోగం చేస్తూ కూడా నీకు పోస్టులోనే దొరుకుతున్నాను. ఇక్కడి పోస్టాఫీసులో ఉత్తరాల కోసం స్టాంపులు కొనేది నేనొక్కదాన్నే అనుకుంటాను. నన్ను చూడగానే కౌంటర్లో ఆయన అడక్కుండానే డ్రాయరు లాగుతాడు.

నువ్వు పంపిన ఉసిరి పచ్చడి అయిపోయింది. నేను తిన్నది సగమే, మిగతా సగం స్టాఫ్‌రూమ్ తినేసింది. గది బాగానే ఉంది. కింద చెప్పుల షాపు, ఎదురుగా లారీలు. హారన్ మోగిన తీరుని బట్టి లారీ ఖాళీదో లోడుదో చెప్పగలిగే స్థితికి వచ్చాను.

ఇప్పుడు అసలు విషయం. తొమ్మిదో తరగతికి నిష్పత్తులు, సరాసరులు మళ్ళీ చెప్తున్నాను. పుస్తకంలో ఒక ట్యాంకు ఉంటుంది. రెండు పైపులు నింపుతుంటే మూడోది ఖాళీ చేస్తుంటుంది. సుజాత అని ఫ్యాక్టరీ ఫిట్టరు గారి అమ్మాయి లేచి, "ఆ మూడో పైపు కట్టీస్తే అయిపోద్ది కదా మిస్" అంది. వాళ్ళకి నిజం లెక్కలు కావాలి.

మావయ్య పోయాక పదకొండేళ్ళుగా ఒంటిచేత్తో చింతపండు గోదాం నడుపుతున్నావు. నా బీయస్సీ, బీయీడీ రెండూ ఆ గోదాంలోంచే వచ్చాయి. అక్కడి ఒక్క రోజు పని రాసి పంపవా? ఎవరు ఎన్నిసార్లు మోశారు, ఒక్కో మోతకి బరువెంత, కూలి ఎంత, అంతే. నిష్పత్తుల పాఠానికి.

నీ
కిరణ్మయి


రాయగడ,
ఫిబ్రవరి 6

అమ్మీ కిరణ్మయీ,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు సదివేను. నా గోదాం లెక్క బడిలో పాఠం అవుతాదని మీ మావయ్యతో అంటే నవ్వీసి ఉండును. గున్నయ్య మేస్త్రికి సెప్తే, "మా ఫొటో కూడా ఏస్తారేటమ్మా పుస్తకంలో?" అనడిగేడు. మీసం దువ్వుకుని మరీ అడిగేడు.

లెక్క కాయితం మీద పంపితే మీ పిల్లలు నమ్మరు. అందుకని కుండే పంపిస్తన్నాను. బస్సు కండక్టరు రామమూర్తి తెచ్చి మీ బడికాడ దింపుతాడు. సంగతేటంటే, మా ఆడోళ్ళు తట్ట నెత్తినెట్టుకుని షెడ్డులోంచి కళ్ళం కాడికి మోసినప్పుడల్లా ఒక చింతపిక్క ఆ కుండలో ఏస్తారు. సాయంత్రం కుమ్మరించి ఎంచుతాం. మగోళ్ళు బస్తాలు మోసేదీ అక్కడికే, ఆళ్ళకైతే బస్తాకో సుద్దగీత, గోడమీద. గోడ పంపలేను కాబట్టి ఆ రోజు గీతలు ఎంచి రాస్తన్నాను. నూట ఇరవై.

ఆడోళ్ళు ఎనమండుగురు, తట్ట పద్దెనిమిది కేజీలు. మగోళ్ళు గున్నయ్యతో కలిపి ఐదుగురు, బస్తా యాభై కేజీలు. మగకూలి రోజుకి ఆరొందలు, ఆడకూలి నాలుగొందల ఎనభై. బోర్డు మీద పెద్దచ్చరాలతో రాసే ఉంటాది, దాపరికం లేదు. ఆడోళ్ళకి కూడా సర్కారీ రేటు కన్నా ఎక్కువే ఇస్తన్నాను, ఆ ముక్క పిల్లల చేత రాయించు. మగోళ్ళది బరువు పని, దానికే ఆ తేడా.

ఎంచడం అయ్యాక కుండ తిరిగి పంపు, అందాకా ఇక్కడ ఇంకో కుండతో సరిపెడతాం. పిక్కలు అక్కర్లేదు. గోదాంలో పిక్కలకి కరువేటి.

ఈ ఏడు మేడమీద గది ఏయిస్తన్నాను. నువ్వు సెలవులకొస్తే కిటికీకాడ కూకుని సదువుకోడానికి. సిమెంటు రేటు కనుక్కుంటన్నాను. పచ్చడి కుండతోపాటే వస్తాది. స్టాఫ్‌రూముకి పెట్టకు.

మీ అత్త
బంగారమ్మ


సెమిలిగుడ,
ఫిబ్రవరి 14

అత్తకి,

కుండ క్షేమంగా చేరింది. రామమూర్తి గారు దాన్ని సీట్లో కూర్చోబెట్టి, పక్కన తను నిలబడి వచ్చారట.

క్లాసులో ఏం జరిగిందో వరసగా చెప్తాను. చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

బల్లలు పక్కకి జరిపి, నేల మీద గుడ్డ పరిచి, పిక్కలు కుమ్మరించాం. పదేసి కుప్పలు పెట్టారు. ఎంచితే ఐదువందల యాభై ఎనిమిది వచ్చింది. ఎనిమిదితో భాగిస్తే చక్కగా రావడం లేదు. సుజాతకి అనుమానమొచ్చింది. వెనక బెంచీ వాళ్ళని లేపి జేబులు చూపించమంది. బాలు జేబులో రెండు దొరికాయి. "రెండు పిక్కలే కదే" అన్నాడు వాడు. సుజాత నడుం మీద చేతులు పెట్టుకుని, "రెండు పిక్కలు కాదురా, ముప్ఫై ఆరు కేజీలు. అవి ఎవులో నెత్తిమీద మోసినవి" అంది. అత్తా, నేను రెండేళ్ళ బీయీడీలో ఇంత మంచి పాఠం వినలేదు.

అప్పుడు ఐదువందల అరవై అయింది. మనిషికి డెబ్భై తట్టలు. డెబ్భై పద్దెనిమిదులు పన్నెండువందల అరవై కేజీలు. మగవాళ్ళకి మనిషికి ఇరవై నాలుగు బస్తాలు, పన్నెండువందల కేజీలు.

పిల్లలు నమ్మలేదు. తప్పు చేశామేమోనని మళ్ళీ గుణించారు. మళ్ళీ అదే వచ్చింది. ఆడవాళ్ళే అరవై కేజీలు ఎక్కువ మోశారు. మోసిన దూరం ఒకటే, దించిన చోటు ఒకటే. టన్ను మోసినందుకు మగవాళ్ళకి ఐదువందల రూపాయలు పడుతోంది, ఆడవాళ్ళకి మూడువందల ఎనభై ఒకటి. "బరువు పని అంటే ఒక్కసారి బరువా మిస్, రోజంతా బరువా?" అని అడిగారు. రోజంతా మోసిన బరువు ఎవరూ కలిపి చూడలేదని నాకూ అప్పుడే తట్టింది.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకుంటాను. మా బడిలో చట్టాల అవగాహన వారం పెట్టారు. ఒక్కో టీచరు ఒక్కో చట్టం చెప్పాలి. మిగతా వాళ్ళు పిల్లలచేత బట్టీ పట్టించారు. నాకు సమాన వేతనం వచ్చింది. డెబ్భై ఆరులో వచ్చిన చట్టాన్ని ఇప్పుడు కొత్త వేతనాల కోడ్‌లో కలిపారు. ఒకే రకం పనికి ఆడా మగా తేడాతో కూలి ఇవ్వకూడదన్నది అందులో మొదటి మాట. దాన్ని లెక్కల్లో చెప్పాలనుకున్నాను. నీ బోర్డు నాకు చిన్నప్పట్నుంచీ గుర్తే. నీకు మాత్రం నిష్పత్తుల పాఠం అని మాత్రమే రాశాను. అది అబద్ధం కాదు గాని, పూర్తి నిజం కూడా కాదు.

పిల్లలు నీకు ఉత్తరం రాశారు. ఒడిశా బడి కదా, తెలుగు రాయడం వచ్చింది సుజాతకొక్కర్తికే, మిగతా వాళ్ళు చెప్తే తను రాసింది. కవరు అంటించేసి మరీ ఇచ్చారు. నేను చదవలేదు.

నీ
కిరణ్మయి

(అంటించిన కవరులో)

గోదాం ఓనరు మేడంగారికి,

తొమ్మిదో తరగతి ముప్ఫై ఒక్క మంది నమస్కారం చేసి రాయునది. మీ కుండ బాగుంది. మీ లెక్క కరెక్టుగా ఉంది. మీ కూలి కరెక్టుగా లేదు. కోపం తెచ్చుకోవద్దు, మేము మూడుసార్లు చేసి చూశాం.

మా డౌటు ఒకటే. మగవాళ్ళకి గోడమీద గీత గీస్తారు కదా, ఆడవాళ్ళకి పిక్క వేస్తారు కదా. రెండూ ఒకే చోట ఎప్పుడైనా ఎంచారా?

ఇంకొకటి. మా మిస్‌ని మేము ఒకటి అడిగాం. ఈ బడిలో సార్లకీ మిస్‌లకీ జీతం ఒకటేనా అని. మిస్ బెల్లు మోగింది, రేపు చూద్దాం అన్నారు. బెల్లు మోగలేదు.

ఇట్లు
సుజాత, రోల్ నంబర్ 22


రాయగడ,
ఫిబ్రవరి 19

కిరణ్మయికి,

నిష్పత్తి అన్నావు. తీసుకెళ్ళి నన్ను బల్లమీద నిలబెట్టేవు. ముప్ఫై ఒక్క మంది గుంటలు నా కూలి కరెక్టు కాదని కవరంటించి పంపించేరు.

ఆ బోర్డు కిందే నువ్వు ఆడుకున్నావు. అచ్చరాలు ఆ బోర్డు మీదే నేర్సుకున్నావు. ఆ అంటే ఆడకూలి, మ అంటే మగకూలి. అప్పుడు కనబళ్ళేదా? ఆ కూలి మిగిలితేనే నీ హాస్టలు ఫీజు కట్టేను. ఆ ముక్క కూడా లెక్కలో ఏసుకో.

రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు గోడకాడికెళ్ళి గీతలు ఎంచేను, కుండ కుమ్మరించి పిక్కలు ఎంచేను. రెండూ ఒకేచోట ఎంచడం అదే మొదలు. ఆ గుంట మాట నిజమే.

సరే. నాను కూడా ఏడో తరగతి పాసు. సరాసరి నాకూ వచ్చు. ఐదు ఆరొందలు మూడువేలు. ఎనిమిది నాలుగొందల ఎనభైలు మూడువేల ఎనిమిదొందల నలభై. రెండూ కలిపి పదమూడు మందికి పంచితే ఐదొందల ఇరవయ్యారు సిల్లర. సిల్లర ఒగ్గీసి ఐదొందల ఇరవైఐదు సేసీసేను. ఆడకీ మగకీ ఒకటే. బోర్డు తుడిపించి కొత్తగా రాయించేను. రోజుకి పదిహేను రూపాయలు నాకే మిగిలేయి. నీ చట్టానికి నాకు లాభమే వచ్చింది.

మరి సమానం అంటే ఇదే కదా. మీ పిల్లలకి సెప్పు.

ఇంకోటి. బెల్లు మోగిందా, లేదా?

అత్త


సెమిలిగుడ,
ఫిబ్రవరి 24

అత్తకి,

నీ ఉత్తరంలో సరాసరి ముక్క మాత్రం క్లాసులో చదివాను. లెక్క తప్పులేదని అందరూ ఒప్పుకున్నారు. అప్పుడు బాలు, అదే, పిక్కల దొంగ, చెయ్యెత్తాడు. "మగవాళ్ళ బస్తా తగ్గలేదు కదా మిస్, కూలెందుకు తగ్గింది?" అన్నాడు. నేను పుస్తకం తీసి చూపించాను. చట్టం రాసినవాళ్ళకి నీలాంటి అత్తలు ముందే తెలుసు. సమానం చెయ్యడం కోసం ఎవరి కూలీ తగ్గించకూడదని విడిగా ఒక మాట రాసిపెట్టారు. తక్కువని పెంచాలి. ఎక్కువని కొయ్యకూడదు.

హాస్టలు ఫీజు మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే రాశావని తెలుసు. లెక్కలో వేసుకున్నాను. నేను చదివిన ఐదేళ్ళలో మన గోదాంలో మోసే పుణ్యవతి పిన్ని తట్ట కూడా ఉంది. ఆవిడకి అది తెలియదు, నాకు ఇప్పుడు తెలిసింది.

బెల్లు మోగలేదు.

నేనూ, మోహన్‌కృష్ణ అని ఇంకో సారూ ఒకే రోజు చేరాం, జూలైలో. ఇద్దరివీ ఒకే డిగ్రీలు. ఆయన సైన్సు చెప్తారు, నేను లెక్కలు. ఆయనకి వారానికి ఇరవయ్యారు పీరియడ్లు, నాకు ముప్ఫై రెండు. ఆయన జీతం పద్దెనిమిది వేలు. నాది పద్నాలుగు. దీపావళికి ఆయనే పొరపాట్న చెప్పి, తర్వాత నాకన్నా ఎక్కువ సిగ్గుపడ్డారు. నీకు రాస్తే "సామాను సర్దుకుని వచ్చీ" అంటావని రాయలేదు.

మా బడి నడిపే సెక్రటరీ శంకరరావు గారు మంచివారే. పాలకొండ వైపు మనిషి, నన్ను అమ్మా అనే పిలుస్తారు. కాని ఏప్రిల్లో మా కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. ఇప్పుడు అడిగితే రాయకపోతే? తొమ్మిదో తరగతిని పదికి నేనే తీసుకెళ్ళాలని ఉంది అత్తా. వీళ్ళని వదిలి రాలేను. అందుకే నాకు బెల్లు మోగింది.

నీ
కిరణ్మయి


రాయగడ,
మార్చి 1

అమ్మీ,

నీ చట్టం నాకు తెలిసేలోపే మా మగోళ్ళకి తెలిసిపోయినట్టుంది. సోమవారం పొద్దున్న ఐదుగురూ వచ్చి బస్తాల మీద కూకున్నారు. లేవరు. గున్నయ్య బోర్డుకేసి సూసి, "ఆడోళ్ళకి పెంచడానికి నా జేబులో సెయ్యెట్టేరేటి?" అన్నాడు. పుణ్యవతి తట్ట దించి, "నీ జేబులోది మాకేటొద్దు బావా. మా కుండలోది మాకిమ్మను" అంది. "మీ కుండలో ఏటుంది, పిక్కలు" అన్నాడు. "నీ గోడమీద ఏటుంది, సున్నం" అంది.

అందరూ నవ్వీసేరు. నాను కూడా నవ్వేను గాని, నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఇరవయ్యేళ్ళై అదే కుండ సూస్తన్నాను.

లారీ ఆగిపోతాదని మగోళ్ళకి ఆరొందలు మళ్ళీ రాయించేను. ఇప్పుడు ఆడోళ్ళ సంగతి. మనిషికి నూట ఇరవై పెంచాల. ఎనమండుగురికి రోజుకి తొమ్మిదొందల అరవై. సీజను ఇంకా ఎనభై రోజులుంది. డెబ్బై ఆరువేల ఎనిమిదొందలు. ఆ అంకె మళ్ళీ ఏసి సూసేను, తగ్గలేదు.

ఇస్తాను. గాని ఒక కండిషను. నువ్వు ముందెళ్ళి మీ సెక్రటరీని అడుగు. నువ్వడిగిన రోజున నా బోర్డు మారుతాది. ఊరందరి కూలీ నిలబెట్టి అడిగిన దానివి, నీ జీతం కాడ కూకుండిపోతే ఎలగ? ఎనమండుగురు ఆడోళ్ళ నూట ఇరవై ఇప్పుడు నీ నోట్లో ఉంది. తెరు.

నీ కుండ తిరిగొచ్చింది కదా, దాన్ని దేవుడి గూట్లో పెట్టేను. నువ్వు అడగని రోజుకి ఒక పిక్క ఏస్తాను. ఇవాళ మొదటిది ఏసేను. సప్పుడు బాగా వచ్చింది.

అత్త


సెమిలిగుడ,
మార్చి 12

అత్తకి,

పరీక్షలు. పేపర్లు దిద్దడంతో సరిపోతోంది. సెక్రటరీ గారు రెండ్రోజులు కొరాపుట్‌లో మీటింగుకి వెళ్ళారు, వచ్చాక జలుబు చేసింది. జలుబు చేసిన మనిషిని జీతం అడగడం భావ్యం కాదు. తర్వాత బయట వాన పడింది.

ఎనమండుగురి కూలి నా మెడకి కట్టడం అన్యాయం అత్తా. వాళ్ళేం చేశారు?

నీ
కిరణ్మయి


రాయగడ,
మార్చి 16

(కార్డు మీద)

అమ్మీ, నువ్వేటి సేసేవని ఆళ్ళూ అడుగుతన్నారు. జలుబు తగ్గిందా? ఇక్కడ వాన లేదు. పదహారు పిక్కలు. అత్త.


సెమిలిగుడ,
మార్చి 24

అత్తకి,

ఇవాళ అడిగాను.

నిన్న సాయంత్రం తొమ్మిదో తరగతి వాళ్ళు ఆఖరి పరీక్ష రాసి, రెండు గాజు సీసాలు తెచ్చి నా బల్లమీద పెట్టారు. నీ పాత పిక్కలు దాచుకున్నారట. ఒక దాంట్లో ముప్ఫై రెండు, రెండో దాంట్లో ఇరవయ్యారు. స్టాఫ్‌రూము తలుపు మీద అంటించిన టైంటేబుల్ చూసి నా పీరియడ్లూ మోహన్‌కృష్ణ గారివీ ఎంచారు. సీసాలు అక్కడే వదిలేసి బయటికి నడిచారు. సుజాత మాత్రం వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మిస్, రేపు బెల్లు నాను కొట్టను" అంది. ఈ వారం బెల్లు డ్యూటీ తనది.

పొద్దున్న రెండు సీసాలూ పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళాను. భయం లేదని రాస్తే నువ్వు నమ్మవు.

"ఏటమ్మా ఇవి, ప్రసాదమా?" అన్నారు సెక్రటరీ గారు.

"పీరియడ్లండి. ఇవి నావి, ఇవి మోహన్‌కృష్ణ గారివి. ఎక్కువ పిక్కలున్న సీసాకి తక్కువ జీతం వస్తోంది. నా కొత్త కాంట్రాక్టు రాసేముందు ఒకసారి ఎంచి చూడండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సూడమ్మా, అతగాడికి సంసారం ఉంది. నీకేటి, రేపు పెళ్ళయితే ఎల్లిపోతావు" అన్నారు.

"ఆయన సంసారం ఆయన చేసుకుంటారు సార్. నా పెళ్ళి నేను చేసుకుంటాను. నేనడిగింది ఈ సీసాల గురించి."

నిజంగా ఇలాగే అన్నాను అత్తా. గొంతు మాత్రం నాది కాదు, కాస్త నీలా ఉంది.

ఆయన సీసాలు దగ్గరికి లాక్కున్నారు. ఒకటి మూత తీసి, బల్లమీద పోసి, నిజంగానే ఎంచడం మొదలెట్టారు. ముప్ఫై రెండు వచ్చేదాకా తలెత్తలేదు. తర్వాత ముఖం వెలిగింది. "నువ్వన్నదీ నిజమే. ఒక పని సేద్దాం. పద్దెనిమిదీ పద్నాలుగూ ముప్ఫై రెండు. సగం సేస్తే పదహారు. ఇద్దరికీ పదహారువేలు. న్యాయంగా, సరాసరి" అన్నారు.

నవ్వొచ్చేసింది. ఆపుకోలేకపోయాను. భయమంతా ఆ నవ్వుతో పోయింది. "సార్, ఇదే లెక్క మా అత్త నెలకిందట చేసింది. మగవాళ్ళు బస్తాల మీద కూర్చున్నారు" అన్నాను. సరిగ్గా అప్పుడే మోహన్‌కృష్ణ గారు రిజిస్టరులో సంతకానికి వచ్చి, గుమ్మంలోనే విన్నారు. "నాకు తగ్గిస్తే ఒప్పుకోను సార్. ఆమెకి పెంచాలి, నాకు కొయ్యకూడదు. అది చట్టంలో ఉంది. తొమ్మిదో తరగతి వాళ్ళనడగండి, మీ లెక్క ఫిబ్రవరిలోనే తప్పు కొట్టేశారు" అన్నారు.

ఆ సరాసరి నువ్వు ముందే చేసి ఉండకపోతే ఇవాళ నేను పదహారువేలకి థాంక్స్ చెప్పి వచ్చేసేదాన్ని అత్తా. మనస్ఫూర్తిగా చెప్పేదాన్ని కూడా.

ఏప్రిల్ నుంచి పద్దెనిమిది అని రాసిచ్చారు. నోటిమాట చాలదు, కాయితం కావాలన్నాను. అది నీ పెంపకం. జూలై నుంచి తగ్గిన తొమ్మిది నెలల బాకీ సంగతి "సూద్దాం" అన్నారు. ఆ గుణకారం పిల్లలచేత పదో తరగతిలో చేయిస్తాను. పదో తరగతి నాకే ఇచ్చారు.

బయటికి వస్తే సుజాత వరండాలో, బెల్లు కొట్టే సుత్తి వెనక దాచుకుని నిలబడి ఉంది. మూడో పీరియడు దాటి పదకొండు నిమిషాలయిందట. నా ముఖం చూసి, అప్పుడు కొట్టింది.

నీ బోర్డు మార్చు.

కిరణ్మయి


రాయగడ,
మార్చి 28

అమ్మీ కిరణ్మయీ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. నువ్వు ఇరవై నాలుగో తారీఖున అడిగేవు కాబట్టి, ఆ రోజు నుంచి నాను ఏసిన నాలుగు పిక్కలూ తీసీసేను. ఎక్కువ రాసుకోడం నాకు అలవాటు లేదు. ఇరవై మూడు మిగిలేయి.

ఒకటి నీకు దాచేను. ఇప్పుడు సెప్తాను. నీకు కండిషను రాసిన మర్నాడే బోర్డు మార్చీసేను. మార్చి రెండు నుంచీ ఆడోళ్ళకీ ఆరొందలే. ముందే సెప్తే అత్త మారిపోయిందని సంబరపడిపోయి, నీ సంగతి ఒగ్గీసి కూకుందువు. నువ్వు నాకు నిష్పత్తి అని రాసేవు, నాను నీకు కండిషనని రాసేను. సెల్లుకి సెల్లు.

డెబ్బై ఆరువేలు ఎక్కడ తెచ్చేవని అడక్కు. మేడమీద గది ఈ ఏడు ఏయలేదు. నువ్వు సెలవులకొస్తే గోదాం గుమ్మంలో కూకుని సదువుకో. అక్కడ గాలి బాగానే వస్తాది.

బోర్డు మీద ఇప్పుడు ఒకటే వరస. కూలి, ఆరొందలు. కింద రెండో వరసకి జాగా కాళీగా ఉండిపోయింది. సూడ్డానికి బాగులేదని గున్నయ్య అక్కడ ఒక మామిడాకు గీసేడు. అది సేపలాగుంది. ఎవులూ సెప్పలేదు.

నీ ఉత్తరం గోదాంలో అందరికీ గట్టిగా సదివేను. సరాసరి కాడికొచ్చీసరికి పుణ్యవతి కొంగు అడ్డమెట్టుకుని నవ్వింది. "సదువుకున్నోళ్ళు కూడా మనమ్మ లాగే లెక్కలు సేస్తారన్నమాట" అంది. నా ముందే అంది. ఇంతకు ముందు అనేది కాదు.

నీ ఇరవై మూడు పిక్కలూ పెనం మీద వేయించేం, పంచుకుని నవలడానికి. ఆడోళ్ళు ఎనమండుగురు, మగోళ్ళు ఐదుగురు, నాను, పద్నాలుగు మందిమి. మనిషికొకటి పంచితే తొమ్మిది మిగిలేయి. రెండేసి ఇద్దామంటే ఐదు తక్కువ. తొమ్మిదీ నీకు పంపీద్దామన్నాను. మరొకర్తి, వేయించినవి మళ్ళీ కుండలో ఏసీమంది. మా బేరం తెగలేదు. అంతలో గున్నయ్య లేచి షెడ్డులోకెళ్ళి, ఇంకో ఐదు పిక్కలు తెచ్చి పెనంలో ఏసీసేడు.

"కలపాలంట గాని, కొయ్యకూడదంట కదా" అన్నాడు.

అత్త